దారం కట్టిన జెముడు ముక్క

ఎదురింటి కోడలు నిన్న పొద్దున మా గేటు బయటే నిలబడి, ఫోన్ నా ముఖానికి దగ్గరగా పెట్టింది.

"ఆంటీ, గీ వీడియో ఒక్కసారి జూడున్రి. ముండ్ల చెట్టు గుమ్మానికి ఎదురుంగ ఉంటే ఆ ఇంట్ల పిల్లలకు మంచిగుండదట. మా చిన్నోనికి నాలుగు దినాలైంది, జెరం తగ్గుతనే లేదు."

వీడియోలో ఎవరో పెద్దమనిషి చెయ్యి ఊపుతూ చెబుతున్నాడు. ఆమె వీడియో చూడట్లేదు, నన్నూ చూడట్లేదు. గేటు పక్కన వరసగా ఉన్న నా జెముడు డబ్బాలనే చూస్తోంది. వెనకాల ఆమె పెద్దపిల్ల, ఎనిమిదేళ్లుంటాయి, స్కూలు బ్యాగుతో నిలబడి ఉంది.

నేను మొదటినుంచీ అనుమానం మనిషిని. పాలు పొంగితే ఒక అనుమానం, పొంగకపోతే ఇంకొకటి. అందుకే నాకు ముందు తట్టింది పిల్లవాడి జ్వరం కాదు. ఆ డబ్బాలు తీస్తే వాళ్ల స్కూటీకి మా వేపచెట్టు నీడ దొరుకుతుంది. అదీ అసలు సంగతి అనుకున్నాను. "జరుపుత తియ్ బిడ్డా" అని ఊరికే అనేసి గేటు వేసుకున్నాను. లోపలికొచ్చి కూర్చున్నాక యాదికొచ్చింది, ఇలాంటి మాట నేను చిన్నప్పుడు విన్నానని. అప్పుడు ఆ మాట అన్నది మా ఇంట్లో వాళ్లే.

గోదావరిఖనిలో మా క్వార్టర్ లైనుకు చివరి నుంచి రెండోది. రెండు గదులు, వెనక పెరడు, పెరట్లో బొగ్గు కుప్ప. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసేవాళ్ల ఇళ్లకు బొగ్గుకు కొదవ లేదు. సాయంత్రమైతే లైనంతా పొయ్యిలు బయట పెట్టి అంటించేవాళ్లు. ఆ పొగలో పక్కింటామె ముఖం కనపడేది కాదు, గొంతు మాత్రం వినపడేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తే గూట్లో గిన్నెలు గలగలమనేవి. నాయనమ్మ ప్రతిసారీ ఉలిక్కిపడి "యేసయ్యా" అనేది.

మా నాయనమ్మ ఆదివారం చర్చిలో అందరికంటే ముందు చాప మీద కూర్చునే మనిషి. ఎవరైనా మంత్రాల ముచ్చట తెస్తే, "మనం దేవుని బిడ్డలం, మనకు గసొంటియి తాకయి" అనేది. అని, కాసేపాగి, గొంతు తగ్గించి, "అయినా జాగర్తల ఉండాలె" అనేది. నా అనుమానపు బుద్ధి ఎవరి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

లైనుకు చివరి క్వార్టర్‌లో ఒక్కామె ఉండేది. మేం పిల్లలం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. భర్త బాయిల చనిపోతే ఆ నౌకరీ ఆమెకిచ్చారు. కంపెనీ నర్సరీలో మజ్దూరు పని. గని తవ్వి పోసిన మట్టి దిబ్బల మీద నాటే మొక్కలకు సంచులు నింపడం, నీళ్లు పట్టడం. పిల్లల్లేరు. ఎవరింటికీ పోదు. నర్సరీలో విరిగిపోయి పారేసిన జెముడు ముక్కలను ఏరుకొచ్చి ఇంట్లో పెంచేది. డాల్డా డబ్బాలు, పగిలిన బాయి టోపీలు, అడుగు పోయిన బకెట్లు, అన్నింట్లో ముళ్లే. ఇంటి ముందు బంతో మల్లెనో పెట్టుకోకుండా ముళ్లు పెంచుకునే మనిషిని లైనులో ఎవరు నమ్ముతారు?

"ఆడిమనిషి ఒక్కతే ఉండుకుంట ముండ్లతోని ఏం పని?" అనేది నాయనమ్మ, జొన్నరొట్టె కొడుతూ. రొట్టె మీద చెయ్యి పడే చప్పుడుకూ ఆ మాటకూ లయ కుదిరేది. అమ్మ పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పిసుకుతూ ఊఁ కొట్టేది.

ఆ ఏడు ఎండలు ముదరకముందు ఒక పని చేశాను. రైలుపట్టాల పక్కన డొంకలో బ్రహ్మజెముడు కాసింది. తమ్ముడూ నేనూ ఎర్రటి పండ్లు తెంపి, రాయికి రాకి నూగు పోగొట్టి తిన్నాం. తియ్యగా, జిగురుగా ఉంటాయి, తిన్నాక నాలుకలో సన్నటి ముళ్లు రెండు దినాలు కుచ్చుకుంటూనే ఉంటాయి. ఇంటికొస్తే మా మూతులు చూసి నాయనమ్మ కెవ్వుమంది. నెత్తురనుకుంది. ఉప్పునీళ్లు పుక్కిలించమంది, నోట్లో వేలు పెట్టి చూసింది. పండ్లని చెబితే కొట్టడం మానేసి, "ఎవరిచ్చిండ్రు? చివరింటామెనా?" అని అడిగింది.

"కాదు, మేమే తెంపినం."

"నిజం జెప్పు."

నిజమే చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆ రోజు నుంచి నాకొక డ్యూటీ పడింది. బొగ్గు కుప్ప ఎక్కితే చివరింటి పెరడు కనపడుతుంది. అక్కడేం జరుగుతుందో చూసి నాయనమ్మకు చెప్పాలి. పుట్నాలు, బెల్లంముక్క ఇచ్చేది. నాకా పని నచ్చింది. నచ్చిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గానీ నచ్చింది.

నేను చూసినవి నాయనమ్మకు ఇలా చెప్పాను. పెద్దమ్మ బ్లేడుతో జెముడు పలకను కణుపు దగ్గర కోస్తుంది. కోసినచోట పొయ్యి బూడిద, పసుపు కలిపి అద్దుతుంది. ఒక్కో ముక్కకు దారం కడుతుంది, కొన్నింటికి ఎర్రది, కొన్నింటికి నల్లది. చాటలో వరసగా పేర్చి నీడన పెడుతుంది. చుక్క నీళ్లు పొయ్యదు, ఎవరినీ ముట్టనివ్వదు. ఇవాళ చాటలో ఐదు ముక్కలున్నాయి.

"ఐదా?" అంది నాయనమ్మ. మా ఇంట్లో వేళ్లు మడిచి లెక్కబెట్టింది. బాపు, అమ్మ, తను, నేను, తమ్ముడు. ఐదో వేలు మడిచాక ఆ పిడికిలి చాలాసేపు విప్పలేదు.

మర్నాడు బొగ్గు కుప్ప మీద నా కాలు జారి పెద్దమ్మ పెరట్లోకే పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. తిడుతుందనుకున్నాను. ఆమె ఆ పసుపూ బూడిదా గిన్నె తెచ్చి నా మోకాలికే అద్దింది.

"మంట పుడుతదా? జెర ఓర్సుకో. దెబ్బకు పసుపు పెట్టాలె. దీనికి సుత గంతే" అని చాటలో ముక్కలు చూపించింది. "కోసింది పుండే గదా బిడ్డా. పుండు మానకముందు మట్టిల పెడితే కుళ్లుతది. వారం, పది దినాలు నీడన ఉంటే తోలు కడుతది. అప్పుడు పెట్టాలె."

"మరి దారాలెందుకు?"

"నాకు సదువు రాదు. ఒక వారం కోసినదానికి ఎర్రది, ఇంకో వారం కోసినదానికి నల్లది. గట్ల యాదికుంటది."

ఆ రోజు ఆమె నాకు మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క పెట్టింది, ఎర్రకారం వేసి. తర్వాత నేను గోడ దూకే పోయేదాన్ని. డబ్బా అడుగున మేకుతో బొక్కలు కొట్టడం, కాలిన బొగ్గు పెళ్లలు కింద పరిచి మీద గోదావరి ఇసుక పొయ్యడం, ముక్కను లోతుగా పాతకుండా ఊరికే నిలబెట్టడం నేర్పింది. ముళ్లు గుచ్చుకోకుండా పేపరును పట్టీలా మడిచి పలకను పట్టుకునేది. వేరు పుట్టిందో లేదో రెండు వేళ్లతో మెల్లగా కదిపి చూసేది. కదలకపోతే పుట్టినట్టు. అప్పటిదాకా నీళ్లు పొయ్యకూడదు.

ఇవన్నీ నాయనమ్మకు చెప్పానా? చెప్పలేదు. చెబితే పుట్నాలు ఆగిపోతాయి. పైగా నాకే ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఒక పక్క గట్క తింటూనే, ఇంకో పక్క, ఈమె నన్నెందుకింత మంచిగా చూస్తోంది అనుకునేదాన్ని.

ఒకనాడు తోలు కట్టిన ముక్క ఒకటి, ఎర్రదారంతో సహా, డబ్బాలో ఇసుక పోసి నాకిచ్చింది. "ఇది నీది. నీళ్లు పొయ్యకు. కండ్లతోని చూడు, చేతితోని ముట్టకు" అంది. దాన్ని దాచిపెట్టి తెచ్చి మా పెరట్లో కిటికీ కింద, బొగ్గు కుప్ప సందున పెట్టాను. అక్కడ నీడ ఉంటుందని పెట్టాను. కిటికీ లోపలి వైపు బాపు మంచం. ఆ సంగతి నేను ఆలోచించనే లేదు.

నాలుగు దినాలు చూశాను. ముక్క కొద్దిగా ముడతలు పడింది. నాకు అనుమానం మొదలైంది. నీళ్లు లేకుండా ఏ మొక్కైనా బతుకుతుందా? తనవి బతికించుకుని నాది చంపడానికే నాకిలా చెప్పిందా? ఐదో దినం తెల్లవారి, బాపు ఫస్టు షిఫ్టుకు తయారవుతుంటే, చెంబుడు నీళ్లు పోశాను. ఆరో దినమూ పోశాను. ముక్క నిగనిగలాడింది. చూశావా, నా మాటే నిజమైంది అనుకున్నాను.

ఆ వారంలోనే బాయిల బాపు మీద గని పైకప్పు ఊడింది. పెద్ద రాయి కాదు గానీ కాలు విరిగింది. సైరన్ మోగలేదు, బాయిల బాపు వాళ్ల పని చూసే ఎదురింటి సర్దార్ కాక వచ్చి చెప్పాడు. దవాఖాన నుంచి పిండికట్టుతో ఇంటికి తెచ్చి ఆ కిటికీ పక్క మంచం మీదే పడుకోబెట్టారు. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు, మేమూ మూసుకున్నాం. నాయనమ్మ మాత్రం మూసుకోలేదు. కిటికీలోంచి చివరింటి గోడనే చూస్తూ కూర్చుంది.

ఇంకో రెండు దినాలకు కిటికీ దగ్గర వాసన మొదలైంది. ఎలుక చచ్చిందని నాయనమ్మ బొగ్గులు జరిపి చూసింది. డబ్బా దొరికింది. ఇసుకలో నల్లగా జారిపోయిన ముక్క, దానికింకా ఎర్రదారం, అంచున పసుపు, బూడిద. సరిగ్గా కొడుకు తల పెట్టుకునే గోడకు అవతల.

నాయనమ్మ డబ్బాను పొయ్యి పట్కారుతో ఎత్తి పట్టుకుని నడివీధిలోకి నడిచింది. నేను వెనకాల ఉన్నాను. "నాయనమ్మా, అది నాదే" అనడానికి నోరు తెరిచాను. అప్పటికే ఇళ్లలోంచి జనం వచ్చేశారు. మూసుకున్నాను.

ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్లు బొగ్గు ముఖాలతోనే పెద్దమ్మ గుమ్మం ముందు గుమిగూడారు. "మా ఊర్ల అయితే మంత్రాలు సదవకుంట నోట్ల పండ్లు ఊడగొడ్తురు" అన్నారెవరో వెనకనుంచి. అది ఊరికే అన్న మాట కాదని అక్కడ అందరికీ ఎరుకే. మంత్రాలు చేసిందన్న నింద పడ్డ మనిషిని చుట్టుపక్కల ఊళ్లలో ఏం చేసేవాళ్లో మేం వింటూ పెరిగాం.

"ఏందిది?" అంది నాయనమ్మ. "నా కొడుకు తలాపు కాడ ఏం వెట్టినవే?"

పెద్దమ్మ వంగి డబ్బాలోకి చూసింది. వేలితో ముక్కను నొక్కింది, వాసన చూసింది. ఆ వేళ కూడా ఆమెకు ఆ మొక్క బాధే ముందు తట్టింది.

"దీనికి నీళ్లు పోసిన్రు" అంది.

"గదంతా నాకెందుకు? దారం ఎవరు గట్టిన్రు?"

"నేనే గట్టిన."

"పసుపు, బూడిద?"

"నేనే వెట్టిన. పుండు మానాలని వెడుత."

"ఒప్పుకున్నది, ఒప్పుకున్నది" అని జనం కదిలారు. సర్దార్ కాక రెండు చేతులు అడ్డం పెట్టాడు. ఆ లైనులో కాస్త నిదానం మనిషి ఆయనొక్కడే. "ఆగున్రి జెర. అక్కా, ఈ డబ్బ ఎవరికిచ్చినవో చెప్పు. పేరు చెప్పు, ముచ్చట ఒడుస్తది."

పెద్దమ్మ తలెత్తి చూసింది. అమ్మ చెంగు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. ఎక్కువసేపు చూడలేదు. నా మోకాలి మీద దెబ్బ మచ్చ ఇంకా పోలేదు, అక్కడ ఒకసారి చూపు ఆగింది. నేను అమ్మ చెంగులోకి ముఖం దాచుకున్నాను.

"యాదికి లేదు" అంది.

ఆ ఒక్క మాటతో ఆమె పని అయిపోయింది. సర్దార్ కాక ఉన్నాడు కాబట్టి ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కానీ మర్నాటినుంచి నల్లా దగ్గర ఆమె బిందెను కాళ్లతో జరిపేవాళ్లు. పిల్లల్ని ఆ గుమ్మం ముందునుంచి పోనిచ్చేవాళ్లు కాదు. ఆమె డ్యూటీకి పోయినప్పుడు ఎవరో డబ్బాలన్నీ తన్ని పోయారు. సాయంత్రం ఆమె కూర్చుని విరిగిన ముక్కలకు పసుపూ బూడిదా అద్దడం నేను బొగ్గు కుప్ప మీదనుంచి చూశాను. ఆ రోజు నన్నెవరూ చూడమనలేదు. గోడ దూకి పోయి తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. దూకలేదు. నాకు భయమేసింది, నాయనమ్మంటే కాదు, పెద్దమ్మంటేనే. నన్ను ఏమీ అనకుండా ఊరుకుందంటే మనసులో ఏదో పెట్టుకునే ఉంటుందని అనుమానం.

రెండు నెలలు తిరక్కుండా ఆమె శ్రీరాంపూర్‌కు బదిలీ పెట్టించుకుంది. ట్రాక్టరు మీద ఒక మంచం, పెట్టె, మిగిలిన డబ్బాలు. ట్రాక్టరు పోయాక చూస్తే మా రెండిళ్ల మధ్య గోడమీద జెముడు ముక్క ఒకటి ఉంది. బాగా తోలు కట్టింది. ఎర్రదారం ఉంది. ఎవరికోసం పెట్టిందో నాకు తెలుసు. నాయనమ్మ అదే పట్కారుతో ఎత్తి లైను వెనక బూడిద కుప్పలోకి విసిరేసింది.

ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు. ఆ వానాకాలానికి అది బూడిదలోనే వేరు పట్టింది. నేను పదో తరగతికి వచ్చేసరికి నా భుజం దాకా పెరిగింది. పసుపు పూలు పూసేది. నాయనమ్మ పోయేదాకా ఆ దారిన నడవలేదు, చుట్టూ తిరిగి పోయేది.

బాపు రిటైరయ్యాక ఒక సాయంత్రం మేమిద్దరం ఆ బూడిద కుప్ప దగ్గర నిలబడ్డాం. లైను ఖాళీ చేయమన్నారు, ఓపెన్‌కాస్టు అక్కడిదాకా వస్తోంది. నేను బ్లేడు తీసుకుపోయాను, ఒక పలక కోసుకుందామని. బాపు కర్ర ఆనుకుని, దగ్గి దగ్గి, ఉన్నట్టుండి అన్నాడు.

"ఆ డబ్బల నువ్వు నీళ్లు పొయ్యంగ నేను జూసిన బిడ్డా."

బ్లేడు నా చేతిలో ఆగిపోయింది. "ఎప్పుడు?"

"పొద్దుగాల, డ్యూటీకి వోయేటప్పుడు. కిటికీలకెళ్లి. ఏదో పిల్లల ఆటనుకున్న."

"మరి మంచంల ఉండి నాయనమ్మకు ఎందుకు చెప్పలే బాపూ?"

బాపు కర్రతో బూడిదను కెలికాడు. "నా కాలు ఇరిగిన దినం కప్పుకు సపోర్టు వెట్టలేదు. నా తంబాకు డబ్బి లోపట మర్సిన. వద్దంటె వద్దని సర్దార్ మొత్తుకున్నడు. నేను ఇనకుంట వోయిన. ఇంటికొచ్చినంక అందరు ఆమె మీద వడ్డరు. నన్నెవ్వరు ఏం అడుగలే. మంచిగనే ఉన్నది అనుకున్న." తర్వాత అటు తిరిగి నిలబడ్డాడు. "సర్దార్ సుత ఎవరికి చెప్పలే. నా పరువు కాపాడిండు. ఆమెది ఎవరు కాపాడలే."

అన్నేళ్లూ ఒకే ఇంట్లో ఇద్దరం నోరు మూసుకుని ఉన్నామన్నమాట. నాకు బాపు మీద కోపం రావాలి. రాలేదు. ఏ ముఖం పెట్టుకుని కోపగించుకుంటాను? తర్వాత శ్రీరాంపూర్ వెళ్లి అడిగాను. నర్సరీలో పాతవాళ్లు ఆమె చనిపోయి చాలా కాలమైందన్నారు. బస్సులో తిరిగొస్తూ కిటికీకి తల ఆనించి ఏడ్చాను, టికెట్లు ఇచ్చే ఆయన ఏమైందమ్మా అని అడిగేదాకా.

ఆ బూడిద కుప్ప దగ్గర కోసిన పలకే ఇప్పుడు మా గేటు పక్కన ఏడు డబ్బాలైంది.

నిన్న సాయంత్రం డబ్బాలు జరుపుదామని వంగితే ఒకదానికి పలక లేదు. బ్లేడుతో కోసింది కాదు, చేత్తో విరిచింది. విరిగినచోట జిగురు ఇంకా తడిగానే ఉంది. నా అనుమానం నేరుగా ఎదురింటి కోడలి మీదికే పోయింది. పొద్దున వీడియో చూపించి సాయంత్రానికి తెంపి పారేసిందా అని చరచరా రోడ్డు దాటాను. వాళ్ల వరండా కిటికీలో, పరదా వెనక, ప్లాస్టిక్ గ్లాసు ఉంది. గ్లాసు నిండా నీళ్లు. నీళ్లలో నా జెముడు పలక. పక్కన ఆ పెద్దపిల్ల, వేలిలో దిగిన ముల్లును నోటితో పీకుకుంటోంది. నన్ను చూసి బిగుసుకుపోయింది.

ఇంకో నాలుగు దినాలుంటే ఆ ముక్క నల్లబడి కంపు కొడుతుంది. పిల్లవాడికి జ్వరం ఉన్న ఇల్లు. అప్పుడు ఆ తల్లి ఎక్కడికొస్తుందో నాకు బాగా తెలుసు.

"నీళ్లల్లకెళ్లి తియ్యి" అన్నాను మెల్లగా. "పసుపు, బూడిద నేనిస్త. పది దినాలు నీడన పెట్టు, తర్వాత ఇసుకల నిలబెట్టు. మంచిగొస్తది."

తీసింది. నీళ్లు కారుతున్న పలకను గౌను అంచుతో పట్టుకుని నిలబడింది.

"ఇంకొకటి. దీన్ని నువ్వే తెంపినవని మీ అమ్మకు చెప్పు. రేపు మాపు కాదు, ఇయ్యాలనే చెప్పు. చెప్తవా?"

లోపలినుంచి తల్లి గొంతు, ఎవరే అక్కడ అని. పిల్ల నా వైపు చూసింది, లోపలి వైపు చూసింది. చెప్తా అన్నట్టు తలూపింది.

ఇంటికొచ్చి గేటు దగ్గరే కుర్చీ వేసుకున్నాను. వాళ్ల వంటింట్లో లైటు వెలిగింది. తాలింపు వాసన వచ్చింది. తల్లీ కూతుళ్ల గొంతులు వినిపించాయి గానీ మాటలు తెలియలేదు. ఆ పిల్ల చెప్పిందో లేదో నాకు అనుమానమే. తలైతే ఊపింది. కానీ ఆ వయసులో, ఆ జనం ముందు, నేను చెప్పలేదు.